చించే ముందు చదవాలి

భాగ్యరేఖ కొట్టులో కౌంటరు కింద రెండు అట్టపెట్టెలుంటాయి. ఒకటి చించే పెట్టె, రెండోది ఉంచే పెట్టె. వైశాలి నగర్‌లో ఇరవై రెండేళ్లుగా ఆమె నడుపుతున్న ఆ కిరాణా కొట్టుకి ఏ ఇంగ్లీషు నవల వచ్చినా ఈ రెండింటిలో ఒకదాంట్లో పడాల్సిందే. మూడో దారి లేదు.

పుస్తకాలు పాత సామాన్లు కొనే కబాడీవాడి దగ్గర తూకానికి వస్తాయి. స్టీలు ప్లాంటులో రిటైరైన ఆఫీసర్లు సెక్టార్లలో క్వార్టర్లు ఖాళీ చేసినప్పుడల్లా అవి బస్తాలకొద్దీ బయటపడతాయి. ప్లాస్టిక్ సంచులు వద్దన్నప్పటి నుంచి చిన్న పొట్లాలకి కాగితం కరువైంది. పప్పులకీ పంచదారకీ పాత పేపర్లతో అంటించిన ఠోంగా సంచులు చాలు. జీలకర్రకీ ఆవాలకీ మెంతులకీ మాత్రం నవల కాగితాన్ని మించింది లేదు. ఒక కాగితానికి ఒక పొట్లం, తరుగు లేదు.

అయితే చదవకుండా ఏ పుస్తకాన్నీ చించకూడదని ఆమె తనకి తానే నియమం పెట్టుకుంది. కందిపప్పు గింజ కొరికి చూడకుండా బస్తా దించుకోని మనిషి, మూడు వందల పేజీల సరుకుని రుచి చూడకుండా ఎలా చించుతుంది?

ఆమె తండ్రి ప్లాంటులో ఖలాసీ. ఊరు హిందీవాళ్లది, చదివింది హిందీ మీడియం పన్నెండో తరగతి. ఇంగ్లీషు మాత్రం కొట్టులోనే నేర్చుకుంది, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర వరకు, బేరాలు లేని వేళ. మొదట్లో పక్కన డిక్షనరీ పెట్టుకునేది. తరవాత అదీ మానేసింది. బేరమాడేవాడి మాటలన్నీ మనకి అర్థం కానక్కర్లేదు, గొంతు ఎక్కడ మారిందో కనిపెడితే చాలు. నవలైనా అంతేనని ఆమెకి తెలిసిపోయింది.

ఇన్నేళ్లలో ఆమెకంటూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి. హత్య చేసినవాణ్ని పట్టుకునే పుస్తకాల్లో అందరికంటే తియ్యగా మాట్లాడేవాడి మీద కన్నేసి ఉంచాలి. హోల్‌సేల్ బజారులో కూడా అంతే కదా అనుకునేది. గూఢచారుల పుస్తకాల్లో విమానాలెక్కువ, ఎవరూ కడుపు నిండా తినరు, అందుకే అందరికీ అంత కోపం. పల్చటి ప్రేమకథల్లో మగవాడు పొడుగ్గా ఉంటాడు, డబ్బుంటుంది, మొహం గంటు పెట్టుకుంటాడు. నూట నలభయ్యో పేజీలో తగువొస్తుంది, నూట ఎనభైలో సర్దుకుంటుంది. పిండి ఒకటే, అచ్చులు వేరు. అయినా చెగోడీలు ఎన్నిసార్లు తిన్నా మళ్లీ తినాలనిపించదూ? అవి చదవడం మాత్రం ఆమె మానలేదు. చదివి చించేది.

ఇక పాతవి, రెండు వందల ఏళ్ల నాటివి. వాటిలో వాన కురుస్తూనే ఉంటుంది, టీలు తాగుతూనే ఉంటారు. ఎవరికైనా ఆస్తి కలిసిరావాలంటే ఎప్పుడూ చూడని బాబాయెవరో చచ్చిపోవాలి. మొదటి యాభై పేజీలూ కంచు బిందె మోసినట్టే ఉంటాయి. కానీ కంచు కంచే. చదివిన వారం రోజులకి ఏ ఉల్లిపాయల బస్తా కుడుతున్నప్పుడో అందులో మనిషి గుర్తుకొచ్చిందంటే ఆ పుస్తకం ఉంచే పెట్టెలోకి పోయినట్టే. ఉంచే పెట్టెలో ఇప్పటికి పందొమ్మిది చేరాయి.

ఆ నియమం ఆమె ఒక్కసారే తప్పింది.

పోయిన నెల వచ్చిన బస్తాలో అట్ట ఊడిన లావుపాటి పుస్తకం ఒకటుంది. పాతకాలపు కథ. ఒక నది, దాని మీద పొగమంచు, ఆ మంచులో పడవ దాటించే ఒక విధవరాలు. నలభై పేజీలు చదివినా పొగమంచు విడలేదు. కార్తీకం వచ్చేసింది, నోములకీ వనభోజనాలకీ సరుకులు కట్టాలి, పొట్లాలు అయిపోయాయి. నలభయ్యో పేజీ దగ్గర మూసి చించే పెట్టెలో పడేసింది. వెనక వీధిలో ఉండి పొట్లాలు మడిచే నూకమ్మ వచ్చి పట్టుకుపోయింది.

పన్నెండు రోజుల తరవాత, పదకొండు గంటల వేళ ఒకావిడ కొట్టు ముందు ఆటో దిగింది. అరవై ఎనిమిదేళ్లుంటాయి. నేత చీర, తెల్లటి జుట్టు, చేతిలో నలిగిన కాగితం.

"ఆవాలు కట్టిన ఈ పొట్లం మీ కొట్టుదేనా అమ్మా? మా పనమ్మాయి ఇక్కడే కొన్నానంది."

"మాదేనండి. ఏటి, ఆవాల్లో రాళ్లొచ్చాయా?"

"ఆవాలు బాగున్నాయి. ఈ రాత మావారిది."

భాగ్యరేఖ కాగితం అందుకుంది. అచ్చులో ఇంగ్లీషు. చుట్టూ అంచుల నిండా పెన్సిలుతో సన్నటి తెలుగు అక్షరాలు. 'ఛాయా, ఈ పేజీలో పొగమంచు తప్ప ఏమీ లేదు. నువ్వు వెళ్లి కూర చూసుకో.'

ఆవిడ పేరే ఛాయ. భర్త పార్థసారథి, రోలింగ్ మిల్లులో ఇంజనీరుగా చేసి రిటైరైనాయన. స్మృతి నగర్‌లో ఉంటారు. రెండు నెలల కిందట ఆయనకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి పడిపోయింది, మాట కూడా పోయింది. భాగ్యరేఖ స్టూలు జరిపితే కూచుని, మంచినీళ్లు తాగి, ఆవిడ సంగతంతా నిదానంగా చెప్పింది.

"పెళ్లయిన కొత్తలో ఆయన ఈ పుస్తకం చదువుతూ ఉండేవారు. నాకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ఏమిటి కథ అని అడిగితే, ఆయనకేమో షిఫ్టులు, చెప్పే తీరిక లేదు. అంచుల్లో తెలుగులో రాసి పెట్టేవారు. నేను పగలు చదువుకునేదాన్ని. అచ్చయింది వాళ్ల కథ, రాసింది మా కథ అనుకో."

"మరి నేను నలభై పేజీలు చూసినానండి. రాత ఎక్కడా కనపళ్లేదే?"

"నలభై ఏడు నుంచి ఉంటుంది. అంతకుముందు ఆయన బ్రహ్మచారి."

ఏడు పేజీలు. సరుకు మంచి చెడ్డలు చూసే మనిషికి ఏడు పేజీల దగ్గర ఓపిక చాలలేదు. భాగ్యరేఖకి కల్తీ అమ్ముతూ పట్టుబడ్డట్టయింది.

ఛాయ అసలు మాట అప్పుడు చెప్పింది. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన నోట ఒక్క మాట రాలేదట. ఒకరోజు తోచక ఆవిడ ఈ పుస్తకం తీసి అంచుల్లో రాత పైకి చదివింది. ఒక వాక్యం సగంలో దగ్గొచ్చి ఆగితే, మిగిలిన సగం ఆయన అన్నారు. అచ్చంగా రాసినట్టే. ఆ రోజు నుంచి సాయంత్రం అయిదింటికి ఆవిడ సగం చదవడం, ఆయన సగం చెప్పడం. నూట ఇరవై ఎనిమిదో పేజీ దాకా వచ్చారు. ఇంతలో మంచం కింది గదిలోకి మారుస్తూ, పనివాళ్లు అట్టలేని పుస్తకాన్ని చెత్తనుకుని బస్తాలో వేశారు.

"నాతో మాట్లాడటానికి ఆయన దగ్గర ఉన్న మాటలు అవేనమ్మా. ఇప్పుడు అయిదవగానే తలుపు కేసి చూస్తారు. నేను ఏం పట్టుకుని వెళ్లను?"

"ఫోన్లో నొక్కితే కొత్త కాపీ వస్తాది కదండీ?" అని అడిగేసింది భాగ్యరేఖ, జవాబు తెలిసి కూడా.

"వచ్చింది. తళతళలాడుతోంది. అంచులే ఖాళీ."

భాగ్యరేఖ వెంటనే నూకమ్మకి ఫోన్ చేసింది.

"పిన్నీ, అట్ట లేని లావు పుస్తకం ఇచ్చినాను చూడు, ఎంతవరకు మడిచేవు?"

"ఆ మెత్త కాగితందా? మడత బాగా కూకుంటాదే అమ్మీ. మొత్తం మడిచి మైదా జిగురెట్టి అంటించేసినాను. సగం నీకు పంపినాను, సగం నా కాడే ఉంది. ఏటి, ఇంకా అలాటిది దొరికిందేటి?"

"ఇంకోటి కాదు పిన్నీ. మడిచినవి విప్పాలి."

"ఏటీ! మతుండే మాటాడుతున్నావా? మడిచినదానికి కూలిత్తావా, విప్పినదానికిత్తావా?"

"రెండిటికీ."

"అయితే ఎప్పుడూ ఇలాటి పుస్తకాలే తే, నీ కడుపు సల్లగుండ!"

ఆ మధ్యాహ్నం కొట్టు వెనక గదిలో ఇద్దరూ కూచున్నారు. కెటిల్లో నీళ్లు మరిగించి ఆవిరి మీద పొట్లం పెడితే జిగురు వదులుతుంది. మెల్లగా విప్పి, తువ్వాలు మీద పరిచి, ఎగిరిపోకుండా పైన శనగల డబ్బా పెట్టాలి. పుస్తకానికి మొత్తం నూట అరవై కాగితాలు. నూకమ్మ దగ్గర డెబ్బై నాలుగు, కొట్టులో నలభై తొమ్మిది, ఛాయగారు తెచ్చింది ఒకటి. ఇంకా ముప్పై ఆరు ఊరి మీద ఉన్నాయి. భాగ్యరేఖ తనకి ఉన్న గడువు కూడా లెక్క వేసుకుంది. ఛాయగారు రోజుకి పది పేజీలు చదువుతారు. నూట ఇరవై తొమ్మిది నుంచి వరసగా చాలావరకు దొరికాయి. రెండు వందల పదమూడు దగ్గర పెద్ద కన్నం ఉంది. అంటే ఎనిమిది రోజులు. ఆలోగా కన్నం పూడాలి.

ఆరబెట్టిన కాగితాలు పేజీల వరసలో సర్దుతూ ఆమె అంచులు చదివింది. ఒకచోట: 'ఆవిడ ఇప్పుడు నవ్వింది, అరవై రెండు పేజీల తరవాత. నువ్వు పదకొండో రోజున నవ్వావు.' ఇంకోచోట: 'వంతెన కట్టడానికి ఒక ఇంజనీరు వచ్చాడు. చాలా మంచివాడు. ఇంజనీర్లందరూ మంచివాళ్లే, రాసేవాళ్లకే గిట్టదు.'

"ఏటి నవ్వుతున్నావు?" అంది నూకమ్మ.

"ఈయన పెళ్లాంకి కథ చెప్తున్నాడు పిన్నీ."

"మా ఆయన కూడా సెప్పీవోడు. జీతం రాళ్లేదని."

మర్నాడు పొద్దున్నే భాగ్యరేఖ కాలనీ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి పెట్టింది, హిందీలో, తెలుగులో. మా కొట్టు పొట్లాల్లో ఇంగ్లీషు అచ్చు, అంచున పెన్సిలుతో తెలుగు రాత ఉన్న కాగితం తెచ్చిన వారికి అదే బరువు జీలకర్ర ఉచితం.

ఊళ్లో ఉచితం అన్న మాటకున్న బలం తెలిసి కూడా అలా రాయడం ఆమెదే పొరపాటు. మూడు రోజుల్లో రెండు వందలకి పైగా కాగితాలొచ్చాయి. హంతకుల కాగితాలొచ్చాయి, పొడుగు మగవాళ్ల కాగితాలొచ్చాయి, పిల్లల లెక్కల నోట్సులు కూడా వచ్చాయి. "పెన్సిలుందిగా దీదీ!" అని వాదించింది ఒకామె. ఇంకొకామె ప్రేమకథ కాగితం అంచున తనే పెన్సిలుతో రాసి తెచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు అక్షరాలు చీమలు పాకినట్టున్నాయి. 'చాయా నువు ఖానా బనావు' అని ఉంది.

"ఇది నువ్వు రాసిందే కదే?"

"మీకెలా తెలిసింది ఆంటీ?"

"ఆయన కూర అంటాడు, ఖానా అనడు. సర్లే, శ్రమ పడ్డావు కదా, సగం బరువు తీసుకో."

గుట్టలో అసలైనవి ఇరవై నాలుగు తేలాయి. మిగిలినవాటికి ఆమె తన జ్ఞాపకాన్నే తవ్వుకుంది. ఎవరు ఏ రోజున ఏం కొన్నారో ఆమె కాగితం మీద రాసుకునే రకం కాదు, తల్లోనే ఉంటుంది. మెంతులు వారానికోసారి కొనే షుగరు మాష్టారింటికి వెళ్లింది, పోపుల డబ్బా నింపుకున్న కొత్త కోడలింటికి వెళ్లింది. కొట్టు మనిషే ఇంటికి రావడం ఎవరూ ఎరగరు. ఏడు కాగితాలు అలా దొరికాయి, ఒకటి ఎలకల బోను మూతికి అడ్డంగా ఉండగా.

ఒకటి చరోదాలో ఉందని తెలిసింది. కిరణ్మయి అనే అమ్మాయి, గూడ్సు బండి గార్డు భార్య, అమ్మగారింటికి వచ్చి వెళ్తూ జీలకర్ర కొనుక్కుపోయింది. భాగ్యరేఖ ఆటోలో రైల్వే కాలనీకి వెళ్లేసరికి ఆ కాగితం వాళ్ల ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద నిలబడి ఉంది.

'ఛాయా, ఇవాళ నాకు నైట్ షిఫ్టు. పడవమనిషి ఒడ్డున దీపం పెట్టి కూచుంది, ఎవరూ రాకపోయినా. నువ్వు మాత్రం నిద్రపో. దీపం చాలు.'

"ఇది ఇవ్వాలా అక్కా?" అంది కిరణ్మయి. "మావారు డ్యూటీకి వెళ్లేటప్పుడు రోజూ చూసి వెళ్తారు. ఎవరో మా గురించే రాశారనుకున్నాం."

"ఆయన నోట్లో మాట ఇది. తిరిగి ఇచ్చేయాలి కదమ్మా."

సంగతంతా విని కిరణ్మయి ఫోనుతో ఫోటో తీసుకుని కాగితం చేతిలో పెట్టింది. పైగా రెండు అరిసెలు కట్టింది. ఆ బేరంలో భాగ్యరేఖకి లాభమే వచ్చింది.

ఈలోగా దొరికిన వరసకి దొరికినట్టు రోజూ నాలుగింటికి ఒక కట్ట స్మృతి నగర్ వెళ్తోంది. ఛాయ ఫోన్ చేసి చెప్పేది. ఇవాళ ఎనిమిది వాక్యాలు అన్నారు. ఇవాళ ఇంజనీర్లందరూ మంచివాళ్లే అన్నప్పుడు నవ్వారు.

ఏడో రోజుకి నాలుగు కాగితాలు మిగిలాయి. రెండు వందల పదమూడు నుంచి రెండు వందల ఇరవై వరకు, ఎనిమిది పేజీలు, ఒకే వరస. ఒకే చేత్తో పోయి ఉండాలి. ఆలోచించగా ఆలోచించగా కార్తీక భోజనాల వంటవాడు గుర్తొచ్చాడు. జీలకర్ర పొట్లాలు నాలుగు ఒకేసారి తీసుకున్నాడు.

"భట్టీ పొయ్యి రాజేయడానికి కాగితమే కదా దీదీ వాడేది," అన్నాడు అతను ఫోన్లో, పాపం మొహమాటంగా. "అప్పుడే బూడిదైపోయింది."

ఆ సాయంత్రం ఛాయే కొట్టుకి వచ్చింది. సంచిలో కొత్త కాపీ ఉంది. "ఇందులో ఆ ఎనిమిది పేజీల కథా ఎక్కడుందో చూసి, ఆ అంచుల్లో ఆయన రాసినట్టే రాసెయ్యమ్మా. ఇన్ని చదివావు, ఆయన వరస నీకు తెలుసు. సన్న అక్షరాలు, పెన్సిలు. ఆయన పోల్చుకోలేరు."

భాగ్యరేఖకి ఆ పని చేతనవును. 'నువ్వు కూర చూసుకో' లాంటివి పది రాయగలదు. కానీ పసుపులో పిండి కలిపి రంగు సరిపోయిందిలే అనే వాళ్లని ఆమె చిన్నప్పటి నుంచి చూస్తోంది.

"నా మాటలు సార్ నోట్లో పెట్టమంటే ఎలాగండి? ఆయన సగం చెప్పలేకపోతే, తన మాటే తను మర్చిపోయాననుకుంటారు. నేను రాస్తాను. నా పేరు పెట్టి రాస్తాను."

ఛాయ పుస్తకం కౌంటరు మీద పెట్టి వెళ్లింది.

ఎనిమిది పేజీలు రాయాలంటే ఎనిమిది పేజీలు చదివితే చాలదు. మర్నాటి నుంచి భాగ్యరేఖ మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది, ఏడు పేజీల తేడాతో తప్పిన నియమాన్ని ఈసారి పూర్తిగా నిలబెట్టడానికి. రెండు రోజులు గడువడిగింది. మధ్యాహ్నాలే కాదు, బేరాల మధ్యన కూడా చదివింది. ధనియాలడిగితే దాల్చినచెక్క కట్టింది.

అప్పుడు ఆ పొగమంచు సంగతి తెలిసింది. మంచులో పడవమనిషికి కళ్లతో పని లేదు. తెడ్డుకి తగిలే నీటి చప్పుడుని బట్టి లోతు చెబుతుంది, ఎదుటి ఒడ్డున కుక్క అరుపుని బట్టి దూరం చెబుతుంది. నలభై పేజీలు ఆమె వెంట ఆ మంచులో కూచున్నవాళ్లకే, తరవాత వంతెన వచ్చినప్పుడు పోయేదేమిటో తెలుస్తుంది. ఇక ఎవరూ నది చప్పుడు వినక్కర్లేదు. రాసినాయన ముందే బరువు మోయించింది అందుకు. తను నలభై దగ్గర దించేసింది.

పోయిన ఎనిమిది పేజీల్లో ఒప్పందం ఉంది. పడవ హక్కు వదులుకోమని వంతెన కంపెనీ వాళ్లు పెద్ద మొత్తమే ఇస్తామంటారు. ఆమె డబ్బు వద్దంటుంది. వంతెన చివర ఒక గది, మంచు పట్టిన రోజున గంట కొట్టే హక్కు, ఆ రెండే అడిగి సంతకం పెడుతుంది. రెండు వందల ఇరవై ఒకటో పేజీలో పార్థసారథి రాత మళ్లీ మొదలవుతుంది: 'ఓడిపోయింది, ఛాయా. నేనూ ఇంజనీర్నే, సిగ్గుగా ఉంది.'

భాగ్యరేఖ ఆ వాక్యం నాలుగుసార్లు చదివింది. ఒప్పుకోబుద్ధి కాలేదు. కొత్త పుస్తకంలోంచి ఆ పేజీలు జాగ్రత్తగా కోసి, అంచున కథంతా రాసి, చివర ఇలా పెట్టింది:

'అమ్మగారూ, ఇక్కడ సార్ కాగితాలు నా వల్ల పోయాయి. ఈ మాటలు నావి, వైశాలి నగర్ కొట్టు భాగ్యరేఖవి. ఈమె ఓడిపోయిందని సార్ తరవాతి పేజీలో అన్నారు. నా లెక్క వేరు. రేపు పుచ్చిపోయే సరుకుని ఇవాళ అమ్ముకున్నవాడు నష్టపోయినట్టు కాదు. వంతెన వచ్చాక పడవ పొయ్యిలోకే పనికొస్తుంది. ఆమె పడవ ఇచ్చి గంట పుచ్చుకుంది. మంచు ఎప్పుడూ కురుస్తుంది. ఇది మంచి బేరం.'

రాసి పంపాక భయం వేసింది. అంత చదువుకున్న మనిషి ముందు బేరం గురించి ఏమిటా పెద్దరికం?

మర్నాడు పదింటికి ఛాయ ఆటో వచ్చింది. ఈసారి స్టూలు మీద కూచోలేదు.

"నిన్న నీది చదివాను. అలవాటు కొద్దీ సగంలో ఆగాను. 'రేపు పుచ్చిపోయే సరుకుని ఇవాళ అమ్ముకున్నవాడు...' అని. ఆయన నోరు తెరిచారు, మాట రాలేదు. తను రాస్తే కదా వచ్చేది. నేనే పూర్తి చేశాను. చివరి దాకా విన్నారు."

"విని?"

"'తప్పు' అన్నారు."

"తప్పా?" భాగ్యరేఖకి చురుక్కుమంది. "ఏటి తప్పు? ఎక్కడ తప్పు?"

"నాకు తెలీదు. రెండు నెలల్లో ఆయన రాసిపెట్టుకోని మాట అదొక్కటేనమ్మా." అంది ఛాయ. "ఇంకా ఏదో అనబోయారు. పెనుగులాడారు. చివరికి ఎడం చేత్తో ఇలా అన్నారు." అరచేయి తన వైపుకి ఊపి చూపించింది. "నిన్ను రమ్మని."

సాయంత్రం అయిదంటే కొట్టుకి అసలు బేరం. ప్లాంటులో డ్యూటీ దిగినవాళ్లు, ట్యూషన్ల నుంచి పిల్లల్ని తీసుకొచ్చేవాళ్లు అంతా అప్పుడే వస్తారు. ఇరవై రెండేళ్లలో ఆమె అయిదింటికి కౌంటరు వదిలింది లేదు. నాలుగున్నరకి నూకమ్మని పిలిచి కూచోబెట్టింది.

"నాకు తూకం రాదే అమ్మీ!"

"కొసరు ఎయ్యకు, అంతే. మిగతాది వాళ్లే చూసుకుంటారు."

"నువ్వెక్కడికి?"

"తగువుకి."

స్మృతి నగర్ ఇంట్లో కిటికీ పక్కన కుర్చీలో పార్థసారథి కూచుని ఉన్నాడు. పొడుగు మనిషి, కుడి చెయ్యి దిండు మీద ఉంది. ఒళ్లో పుస్తకం, పాత కాగితాలూ కొత్తవీ కలిపి ఛాయ దారంతో కుట్టినది. పాతవి ఉబ్బి, మడతలు పడి, అక్కడక్కడ జీలకర్ర వాసన. కొత్త నాలుగు కాగితాలు మధ్యలో తెల్లగా పొడుచుకొచ్చాయి.

"నమస్తే సార్," అంది భాగ్యరేఖ, ఎదురుగా పేము మోడా మీద కూచుంటూ. "పుస్తకం చించినది నేనే. దానికి ఏటన్నా పడతాను. లెక్క తప్పంటే మాత్రం పడను. తప్పెక్కడో చెప్పండి."

ఛాయ గాభరాగా ఆమె వంక చూసింది. పార్థసారథి చూపు మాత్రం కదల్లేదు. పెదాలు కదిలాయి. ఆగాయి. మళ్లీ కదిలాయి. గోడ మీద గడియారం వినపడుతోంది. కౌంటరు దగ్గర ఒక నిమిషం ఆలోచించే గిరాకీ ఎదురైతే పక్కవాడికి తూచేసే భాగ్యరేఖ, చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూచుంది. అయిదు నిమిషాలైందో, పదైందో.

"గంట..." అన్నాడు ఆయన.

"గంటండి. గంట కొట్టే హక్కు పుచ్చుకుంది."

తల అడ్డంగా ఊపాడు. అది కాదన్నట్టు. మెడ నరాలు బిగిశాయి.

"గంట... ఎవరు... వింటారు?"

ఛాయ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భాగ్యరేఖ ఆ మాటని మనసులో తూచి చూసుకుంది. నిజమే. వంతెన వచ్చాక నది మీద పడవ ఉండదు. పడవే లేనప్పుడు మంచులో ఆమె కొట్టే గంట ఎవరి కోసం? కొనేవాడు లేని కొట్టులో దీపం పెట్టుకుని కూచోవడం బేరమెలా అవుతుంది? ఈ తరుగు తను లెక్క కట్టలేదు. అయినా ఆ గంట గురించి చివరి పేజీల్లో ఎక్కడో ఒక మాట ఉంది, చదివింది, ఎవరో ఒకరు విన్నారు. ఎవరది?

"ఒక్క నిమిషం సార్. ఉంది. ఎక్కడో ఉంది. చూసి చెప్తాను." వంగి ఆయన ఒళ్లోంచి పుస్తకం తీసుకుని వెనక నుంచి కాగితాలు తిప్పసాగింది. "ఓడిపోయినాను అనుకోకండి. ఆగండి."

పార్థసారథి వెనక్కి వాలాడు. తన ధర చెప్పేసి ఇక ఎదుటివాడి నోటి నుంచి ఏ మాట వస్తుందా అని చూసే మనిషిలా, ఎడం చేత్తో కుర్చీ చేతిని మెల్లగా తడుతూ, ఎదురు చూశాడు.